ముందు దీవులు... తర్వాతే పట్నం!

నల్గొండ నుంచి సముద్రం చూడాలంటే దగ్గర్లో ఉన్నది బాపట్ల పక్కన సూర్యలంక. అక్కడికే రెండొందల కిలోమీటర్లు దాటాలి. మహబూబ్‌నగర్ వాళ్లకైతే ఇంకా దూరం. చెరువు నిండితే పండగ చేసుకునే నేల కదా మనది, సముద్రమంటే మోజు ఎక్కువే. ఒకప్పుడు 'ఎండాకాలం సెలవులకు వైజాగ్ పోదాం' అనుకునేవాళ్లు. ఆ తర్వాత గోవా వచ్చింది. ఇప్పుడు చాలా ఇళ్లలో వినిపిస్తున్న మాట... అండమాన్.

అండమాన్ వెళ్లడమంటే నలుగురైదుగురికి విమానం టిక్కెట్లు, పడవ టిక్కెట్లు, రెండు మూడు చోట్ల గదులు. మామూలు ఉద్యోగస్తుడికి ఏడాది రెండేళ్ల పొదుపు అందులోకే పోతుంది. అంత పెట్టి వెళ్లాక 'పడవ రద్దయింది, విమానం తప్పింది' అంటే ఎలా ఉంటుంది? దురదృష్టం అనుకుంటాం గానీ, చాలాసార్లు అది ప్రయాణం రాసుకున్న కాగితంలోనే ఉంటుంది. బస్సు తప్పితే ఇంకో బస్సుంది అనుకుని పెరిగిన వాళ్లం మనం. సముద్రం దగ్గర ఆ లెక్క పనికిరాదు. అక్కడ ముందు పడవ సంగతి చూసుకోవాలి. మిగతావన్నీ దాని చుట్టూ అల్లుకోవాలి. అదెలాగో ఈ వారం చూద్దాం.

ఏ నెలలో?

పాలమూరులో, నల్గొండలో ఏడాదంతా కురిసే వానకు నాలుగైదు రెట్లు అండమాన్‌లో కురుస్తుంది. ఏటా సుమారు మూడు వేల మిల్లీమీటర్లు! మనకు నైరుతి రుతుపవనాలే దిక్కు. వాళ్లకు నైరుతీ ఉంది, ఈశాన్యమూ ఉంది. మే చివర్లో మొదలయ్యే వానలు సెప్టెంబర్ దాకా పడతాయి. కాస్త తెరిపి ఇచ్చి మళ్లీ అక్టోబర్, నవంబర్లలో అందుకుంటాయి. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా వచ్చేది కూడా ఆ రోజుల్లోనే. డిసెంబర్ మొదటి పక్షం దాకా ఆ భయం ఉంటుంది.

కాబట్టి జనవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా మంచి కాలం. సముద్రం నెమ్మదిగా ఉంటుంది, నీళ్లు అద్దంలా ఉంటాయి. పిల్లల బడులు చూసుకుంటే సంక్రాంతి సెలవులు సరిగ్గా సరిపోతాయి. పరీక్షలు ముందే అయిపోతే ఏప్రిల్ మొదటి వారాలు కూడా ఫరవాలేదు. మే నెలాఖరుకు పెట్టుకుంటే మాత్రం వానతో జూదమాడినట్టే. దసరా సెలవులు కూడా అంతే.

ఇంకో మాట. అంత వాన పడినా ఆ నీరు ఎక్కువగా సముద్రంలోకే పోతుంది. వేసవిలో అక్కడ మంచినీళ్ల కొరత మామూలే. బిందె నీళ్ల విలువ తెలిసిన ప్రాంతం నుంచి వెళ్తున్నాం కాబట్టి గదిలో కుళాయి తిప్పేటప్పుడు అది గుర్తుంటే చాలు.

విమానమా... ఓడా?

శంషాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానమైతే రెండున్నర గంటల్లోపే దింపేస్తుంది. మహబూబ్‌నగర్ వాళ్లకైనా, నల్గొండ వాళ్లకైనా శంషాబాద్ చేరడం ఒక పూట పని. దిగే ఊరు పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబర్‌లో దాని పేరు శ్రీ విజయపురంగా మారింది. అలాగే హేవ్‌లాక్ దీవి స్వరాజ్ ద్వీప్, నీల్ దీవి షహీద్ ద్వీప్, రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయ్యాయి. ఈ మూడూ 2018 డిసెంబర్ 30న మారిన పేర్లు. జనం నోట ఇంకా పాత పేర్లూ నలుగుతున్నాయి. టిక్కెట్లు కొనేటప్పుడు రెండు పేర్లూ తెలిసుండాలి. లేకపోతే ఒకే దీవికి రెండుసార్లు గది బుక్ చేసుకునే ప్రమాదముంది!

ఓడ సరదా ఉన్నవాళ్లకు చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుంచి ప్రయాణికుల ఓడలున్నాయి. విశాఖ నుంచి సుమారు 1200 కిలోమీటర్లు. రెండు పగళ్లు, రెండు రాత్రుళ్ల పైమాటే. అయితే విశాఖ ఓడలు తక్కువ. ఏ తేదీన బయలుదేరేదీ చాలా ముందుగా చెప్పరు. సెలవులు లెక్కపెట్టుకుని వెళ్లే కుటుంబానికి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అది కుదిరే పని కాదు. కాలేజీ కుర్రాళ్లు, రిటైరై తీరిగ్గా ఉన్నవాళ్లు ఆలోచించొచ్చు.

కాగితం తిప్పి రాయండి

ఇప్పుడు అసలు సంగతి. ఒక కుటుంబాన్ని అనుకుందాం. మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం చేసే భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, తాత, అవ్వ. మొత్తం ఆరుగురు. చేతిలో ఉన్నది ఏడు రోజులు. ఇలాంటి వాళ్లు మామూలుగా రాసుకునే ప్రణాళిక ఇలా ఉంటుంది: మొదటి రోజు దిగడం, సెల్యులార్ జైలు. రెండో రోజు రాస్ దీవి. మూడు, నాలుగు రోజులు స్వరాజ్ ద్వీప్. ఐదో రోజు షహీద్ ద్వీప్. ఆరో రోజు సాయంత్రం పడవలో వెనక్కి. ఏడో రోజు పొద్దున విమానం.

చూడటానికి ముచ్చటగా ఉంది. దగ్గరివి ముందు చూసి దూరానివి తర్వాత చూడటం మనకు అలవాటు కూడా. కానీ ఆరో రోజు సాయంత్రం గాలి లేచి పడవ కదల్లేదనుకోండి... ఆరుగురి విమానం టిక్కెట్లు గాలికి పోయినట్టే. అప్పటికప్పుడు కొనే టిక్కెట్ల ధర మామూలు ధరకు రెండు మూడింతలున్నా ఆశ్చర్యం లేదు.

అదే కాగితాన్ని తిప్పి రాయండి. మొదటి రోజు దిగి విశ్రాంతి. రెండో రోజు పొద్దున్నే పడవలో స్వరాజ్ ద్వీప్. మూడో రోజు అక్కడే. నాలుగో రోజు షహీద్ ద్వీప్. ఐదో రోజు మధ్యాహ్నం పట్నానికి వాపసు. ఆరో రోజు జైలు, రాస్ దీవి, బజారు. ఏడో రోజు విమానం. చూసే ప్రదేశాలు అవే, ఖర్చూ అంతే. తేడా ఒక్కటే... ఐదో రోజు పడవ ఆగిపోయినా ఆరో రోజు చేతిలో ఉంటుంది. పోతే బజారు పోతుంది, విమానం పోదు.

ఇది ఊరికే భయపెట్టడానికి చెబుతున్నది కాదు. 2016 డిసెంబర్ మొదటి వారంలో బంగాళాఖాతంలో వాయుగుండం లేచింది. తర్వాత 'వర్దా' తుపానుగా మారి చెన్నైని ఊపేసింది అదే. హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యిమందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. పడవలు లేవు, కరెంటు లేదు, ఫోన్లు సరిగా లేవు. ఆఖరికి నౌకాదళం ఓడలు, హెలికాప్టర్లు వెళ్లి వాళ్లను తీసుకొచ్చాయి. అంత పెద్ద తుపానే రానక్కర్లేదు. గాలి కాస్త గట్టిగా ఉన్నా రేవు అధికారులు పడవలు ఆపేస్తారు. ఆపినందుకు మనం వాళ్లకు దండం పెట్టాలి గానీ తగాదా పడకూడదు.

ఖాళీగా ఉంచిన ఆ ఒక్క రోజుతో ఇంకో లాభం కూడా ఉంది. స్వరాజ్ ద్వీప్‌లో చాలామంది సరదాపడి స్కూబా డైవింగ్ చేస్తారు. నీళ్ల అడుగున గాలి పీల్చాక కనీసం ఒక రోజు విమానం ఎక్కకూడదు. లోతులో ఒంట్లో చేరిన నైట్రోజన్ వాయువు ఎత్తుకు వెళ్లేసరికి బుడగలై ప్రాణం మీదికి తెస్తుంది. దీవులు ముందు పెట్టుకున్నవాళ్లకు ఆ విరామం దానంతటదే దొరుకుతుంది.

పడవ ఎక్కేముందు

స్వరాజ్ ద్వీప్‌కు రెండు రకాల పడవలు నడుస్తాయి. ప్రభుత్వ పడవలకు చార్జీ చాలా తక్కువ. రెండున్నర గంటలు పడుతుంది. పైకి వెళ్లి నిలబడి సముద్రం చూడొచ్చు, పిల్లలకు అదో పండగ. కాకపోతే అవి ముఖ్యంగా దీవుల్లో ఉండేవాళ్ల కోసం నడిపేవి. పండగ రోజుల్లో మనలాంటి వాళ్లకు టిక్కెట్లు దొరకడం కష్టం. ప్రైవేటు ఏసీ పడవలు గంటన్నర, రెండు గంటల్లో చేరుస్తాయి. ముందే బుక్ చేసుకోవచ్చు. లోపల సినిమా హాల్లో కూర్చున్నట్టుంటుంది. కిటికీలోంచే చూడాలి.

మీ వరుస ఇలా ఉండాలి: ముందు విమానం టిక్కెట్లు. వెంటనే పడవ టిక్కెట్లు, రానూ పోనూ రెండూ. ఆ తర్వాతే గదులు. గదులు ముందు తీసుకుని పడవ దొరక్క తల పట్టుకునేవాళ్లే ఎక్కువ. టిక్కెట్ మీద ఉన్న పేరూ, గుర్తింపు కార్డులోని పేరూ ఒకటే అయ్యుండాలి. తాతగారి ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, టిక్కెట్‌లో ఇంకోలా ఉంటే రేవు దగ్గర చిక్కు తప్పదు. పిల్లల కార్డులూ మరవొద్దు. పడవ సమయానికి గంట ముందే రేవులో ఉండాలి.

కడుపులో తిప్పడం గురించి. బస్సులో వాంతులయ్యే వాళ్లకు పడవలో కూడా ఆ ఇబ్బంది రావొచ్చు. పొద్దున్నే పూరీలు, వడలు లాగించి పడవెక్కొద్దు. ఇడ్లీ, అరటిపండుతో సరిపెట్టండి. అలాగని ఖాళీ కడుపుతోనూ వద్దు. పడవ మధ్య భాగంలో, కింది వరుసలో ఊపు తక్కువ. ఫోను చూడకుండా దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీతను చూస్తుంటే నయం. మాత్ర వేసుకోవాలంటే ఎక్కాక కాదు, ఎక్కేముందే. బీపీ, షుగర్ మందులు వాడే పెద్దవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా ఏ మాత్రా వేసుకోకూడదు.

ఓడ మల్లన్న ఊరికే కాడు

'ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న' అన్నారు పెద్దలు. ఇప్పుడు మనం ఏరు దాటకముందే మల్లన్న మాట వినడం లేదు. లైఫ్ జాకెట్ వేసుకోమంటే 'ఉక్కపోస్తోంది', 'ఫొటోలో బాగోదు' అంటాం.

2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ దగ్గర పర్యాటకుల పడవ ఒకటి మునిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. అనుమతికి మించి జనాన్ని ఎక్కించారని తేలింది. పెద్ద పడవ కాదది. సరదా తిరుగుడుకు వెళ్లే చిన్న పడవ. మన గోదావరి మీద 2019 సెప్టెంబర్ 15న పాపికొండలకు బయలుదేరిన 'రాయల్ వశిష్ఠ' బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. అప్పుడు నదిలో వరద ఉంది. 77 మంది ఎక్కితే 26 మంది మాత్రమే ప్రాణాలతో ఒడ్డుకు చేరారు. పోయినవాళ్లలో హైదరాబాద్, వరంగల్ నుంచి వెళ్లిన వాళ్లున్నారు. వాళ్లూ మనలాగే సెలవు చూసుకుని, టిఫిన్ డబ్బాలు సర్దుకుని బయలుదేరినవాళ్లే.

కాబట్టి చిన్న పడవ అయితే మూడు చూడండి. ఎంతమంది ఎక్కొచ్చో పడవ మీద రాసుందా? అంతకంటే ఎక్కువమంది ఎక్కారా? మన ఆరుగురికీ జాకెట్లున్నాయా? పిల్లలకు పిల్లల కొలత జాకెట్టే కావాలి. పెద్దవాళ్లది తొడిగితే నీళ్లలో తలమీద నుంచి జారిపోతుంది. ఇందులో ఏ ఒక్కటి సరిగా లేకపోయినా డబ్బు పోతే పోయిందని దిగిపోండి. 'అందరూ ఎక్కుతున్నారు కదా' అన్న మొహమాటం ఇక్కడ వద్దు.

ఇంట గెలిచి...

పడవ ఎక్కని పిల్లలను, నీళ్లంటే దడుచుకునే అవ్వను తీసుకుని తిన్నగా సముద్రం మీదికే ఎందుకు? మన ఇంటి ముందే కృష్ణమ్మ ఉంది. రెండు నెలల ముందు ఒక ఆదివారం అక్కడ రిహార్సల్ వేసుకోండి.

పాలమూరు వాళ్లకు కొల్లాపూర్ దగ్గర సోమశిల. ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. శ్రీశైలం జలాశయం వెనక నీళ్లు, గట్టున లలితా సోమేశ్వరాలయం, ఎదురుగా నల్లమల కొండలు. ఇక్కడి నుంచి శ్రీశైలానికి తెలంగాణ పర్యాటక శాఖ 2024 నవంబర్‌లో లాంచీ ప్రయాణాన్ని మళ్లీ మొదలుపెట్టింది. సాగర్ నుంచి కూడా అప్పుడే మొదలైంది. పూటంతా నీళ్ల మీదే గడిచే ప్రయాణమది. ఎవరికి కడుపులో తిప్పుతుందో, ఎవరికి భయమో, ఎవరికి జాకెట్ బిగించడం రాదో అన్నీ ఆ ఒక్క రోజులో తేలిపోతాయి.

నల్గొండ వాళ్లకు నాగార్జునసాగర్. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ప్రాజెక్టు నీళ్లలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగిపోతుందని తెలిసి, ముందే తవ్వకాలు జరిపి దొరికిన శిల్పాలను, కట్టడాలను కొండ పైభాగానికి చేర్చారు. ఆ పైభాగమే నీళ్ల మధ్య దీవిగా మిగిలింది. అదే నాగార్జునకొండ. అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు. కొండ ఆంధ్రప్రదేశ్ పరిధిలో ఉంది కాబట్టి ఏ ఒడ్డు నుంచి లాంచీలు నడుస్తున్నాయో ముందు రోజు ఫోన్ చేసి కనుక్కుని బయలుదేరాలి. జలాశయంలో నీళ్లు తగ్గితే లాంచీలు ఆగుతాయి. వరదొచ్చినా ఆగుతాయి. వెళ్లేముందు కనుక్కోవడం, ఆగిపోతే ఏం చేయాలో ముందే అనుకోవడం... సముద్రానికి కావలసిన మొదటి పాఠం కూడా ఇదే.

ఒడ్డున దిగాక

స్వరాజ్ ద్వీప్‌లో రేవు ఒకవైపు, పేరున్న రాధానగర్ బీచ్ ఇంకోవైపు. మధ్య పన్నెండు కిలోమీటర్లు. 2004లో 'టైమ్' పత్రిక ఆసియాలో అత్యుత్తమ బీచ్ అని రాసింది దీని గురించే. తెల్లటి మెత్తని ఇసుక, వెనకే దట్టమైన అడవి. సూర్యాస్తమయం చూడాల్సిందే. అయితే ఒక కిటుకుంది. అండమాన్ మనకు చాలా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. చలికాలంలో సాయంత్రం ఐదింటికే పొద్దు గూకుతుంది. మధ్యాహ్నం భోంచేసి కునుకు తీసి ఐదున్నరకు వెళ్తే చీకటే కనిపిస్తుంది. మూడింటికల్లా అక్కడుండాలి. పొద్దున కూడా ఐదు దాటగానే వెలుగొస్తుంది కాబట్టి పెందలాడే లేచి పెందలాడే పడుకోవడమే మంచిది. మన పల్లెల్లో పెద్దవాళ్ల పద్ధతే!

షహీద్ ద్వీప్ చిన్నది, ప్రశాంతంగా ఉంటుంది. అక్కడి బీచ్‌ల పేర్లు వింటే అవ్వ సంతోషపడుతుంది... భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్! దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులకు ఈ దీవుల్లో భూములిచ్చారు. ఇప్పటికీ కూరగాయల సాగుకు పేరున్న దీవి ఇది. లక్ష్మణ్‌పూర్ దగ్గర రాతి వంతెన లాంటి సహజ తోరణం ఉంది. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడే అక్కడికి నడిచి వెళ్లగలం. ఆటుపోట్ల వేళలు రోజుకో రకంగా ఉంటాయి. గది ఇచ్చినవాళ్లను అడిగితే చెబుతారు. రాళ్ల మీద నడవడం ఉంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు భరత్‌పూర్‌లో కూర్చుని అద్దం అడుగున్న పడవలో పగడాలు చూడొచ్చు.

మొసళ్లున్నాయన్న బోర్డు కనిపిస్తే దాన్ని నమ్మండి. ఉప్పు నీటి మొసళ్లు ఆ దీవుల్లో ఉన్నాయి. 2010లో హేవ్‌లాక్‌లోనే ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. లైఫ్‌గార్డ్ ఉన్నచోటే, చెప్పిన హద్దులోనే నీళ్లలో దిగాలి. చెరువులో ఈత వచ్చినవాళ్లకూ ఇదే మాట. ఇక గవ్వలు, పగడపు ముక్కలు బాగున్నాయని జేబులో వేసుకురావద్దు. విమానాశ్రయంలో దొరికితే కేసవుతుంది. జరావా గిరిజనులుండే అడవి మీదుగా వెళ్లాల్సి వస్తే ఫొటో తీయడం, తినుబండారాలు విసరడం నేరం.

చివరి రోజు... మనవాళ్ల ఊరు

పట్నంలో తెలుగు వినపడితే ఆశ్చర్యపోకండి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర నుంచి తరాల కిందట వెళ్లి స్థిరపడ్డవాళ్లు ఎక్కువ. దారి అడగాలన్నా, అవ్వకు పెరుగన్నం దొరికే హోటల్ కనుక్కోవాలన్నా కష్టం లేదు.

సెల్యులార్ జైలుకు తీరిగ్గా ఒక పూట ఇవ్వండి. 1906లో పూర్తయిన ఈ జైలుకు ఏడు రెక్కలుండేవి. ఇప్పుడు మూడే మిగిలాయి. పిల్లలకు ఒక మన కథ కూడా చెప్పాలి. ఈ జైలు కట్టకముందు నుంచే అండమాన్ ఖైదీల దీవి. 1857 జూలై 17న హైదరాబాద్ కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసినవాళ్లకు తుర్రెబాజ్ ఖాన్‌తో పాటు నాయకత్వం వహించిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను ఇక్కడికే పంపారు. ఆయన మళ్లీ హైదరాబాద్ చూడలేదు. మనం రెండున్నర గంటల్లో వెళ్లి, ఏడో రోజు ఇంటికి వచ్చేసే దీవి నుంచి తిరిగి రానివాళ్లు ఎందరో ఉన్నారని ఆ గదుల ముందు నిలబడితే పిల్లలకు అర్థమవుతుంది.

పెట్టె సర్దేముందు

* తిరుగు విమానానికి ముందు ఒక పూర్తి రోజు పట్నంలోనే ఉండేలా చూసుకోండి.
* పడవ రద్దయితే డబ్బు తిరిగిస్తారా, మరుసటి రోజు సీటిస్తారా అన్నది టిక్కెట్ కొనేటప్పుడే అడగండి. గది విషయంలోనూ అంతే.
* చిన్న దీవుల్లో ఏటీఎంలు తక్కువ. ఫోన్లో డబ్బులు పంపడం అన్నివేళలా కుదరదు. రెండు మూడు రోజులకు సరిపడా నగదు ఉంచుకోండి.
* పెద్దవాళ్ల మందులు లెక్క కంటే మూడు రోజులు ఎక్కువ తీసుకోండి. పెద్ద పెట్టెలో కాదు, చేతిసంచిలో పెట్టండి.
* సకినాలు, అప్పాలు నిల్వ ఉంటాయి. పడవ ఆలస్యమైనా పిల్లలు ఏడవరు. ప్లాస్టిక్ సీసాల బదులు స్టీలు బాటిల్ మేలు.
* గుర్తింపు కార్డుల నకళ్లు, పడవ టిక్కెట్ల నకళ్లు ఇద్దరి దగ్గర విడివిడిగా ఉంచండి. ఫోను తడిసినా కాగితం ఉంటుంది.
* బయలుదేరే ముందు మూడు రోజులూ వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి. తుపాను అని చెబితే తేదీ మార్చుకోండి. దీవులు ఎక్కడికీ పోవు.